కాలు చెప్పనప్పుడు ఇల్లు చూడాలి

మధుమేహం ఉన్నవాళ్ళకు పాదాల సంరక్షణ నేర్పడం గురించి ఈ ప్రసంగం. ఊరు పేరు ముందే చెప్పుకుంటే మాట గాలిలో పోదు కాబట్టి షోలాపూర్ నేతపేటలను తీసుకుంటున్నాను. అశోక్ చౌక్, కన్నా చౌక్, సాఖర్ పేఠ్, భవానీ పేఠ్, దత్తనగర్, అక్కల్‌కోట్ రోడ్డు మీది పారిశ్రామికవాడ. ఈ చుట్టుపక్కల మగ్గాల మీద బతికే కుటుంబాల్లో చాలావాటి పెద్దలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు. నిజాం రాజ్యంలో కరువులు తరిమితే, ఇక్కడ 1877లో మొదలైన నూలు మిల్లు, దాని వెనక వచ్చిన మరికొన్ని మిల్లులు, చేతిమగ్గాల గిరాకీ వాళ్ళను రప్పించాయి. షోలాపూర్ చద్దరుకు దేశమంతా పేరు తెచ్చిన చేతులు, కాళ్ళు వాళ్ళవే. ఆ కాళ్ళ గురించి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మధుమేహం ఉన్న మనిషిని కూర్చోబెట్టి, పాదాలు ఎలా చూసుకోవాలో చెప్పి, ఒక కాగితం చేతిలో పెట్టి పంపడాన్ని మనం బోధన అనుకుంటున్నాం. పాఠం అసలు చేరవలసింది ఆ మనిషితోపాటు ఉండే ఇంటికి, ఆ మనిషి పనిచేసే షెడ్డుకు. వాళ్ళకు చేరనంతవరకు రోగికి ఎన్నిసార్లు చెప్పినా సగం పనే అయినట్టు.

ఎందుకలా అంటున్నానో అర్థం కావాలంటే పాదంలో ఏం జరుగుతుందో తెలియాలి. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పొడుగాటి నరాలు ముందు దెబ్బతింటాయి. శరీరంలో అన్నిటికన్నా పొడుగు నరాలు కాలివేళ్ళ కొసలదాకా వెళ్ళేవే. అందుకే మొదట కాలివేళ్ళలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, రాత్రిపూట అరికాలి మంట. కొన్నాళ్ళకు ఆ మంట కూడా తగ్గుతుంది. మంట తగ్గిందని మనిషి సంతోషిస్తాడు, కానీ చాలాసార్లు అది రోగం తగ్గడం కాదు, నరం చచ్చుబడటం. ఇంకొందరికి మంటా ఉండదు, తిమ్మిరీ ఉండదు, ఏ సూచనా లేకుండానే స్పర్శ పోతుంది. చెమట పట్టించే నరాలు కూడా పోవడంతో చర్మం ఎండి మడమలు పగుళ్ళిస్తాయి. పాదంలోని చిన్న కండరాలు బలం తగ్గి వేళ్ళు కొక్కేల్లా వంగుతాయి, బరువంతా వేళ్ళ మొదళ్ళ కింద ఒకటి రెండు చోట్ల పడుతుంది, అక్కడ కాయ కాస్తుంది. పైకి గట్టిగా కనిపించే ఆ కాయ కిందే నెత్తురు గూడుకట్టి పుండవుతుంది. వీటికితోడు కాలికి నెత్తురు తెచ్చే ధమనులు సన్నబడి ఉంటే, బీడీ సిగరెట్లు కాల్చేవాళ్ళలో ఇది మరీ ఎక్కువ, అయిన పుండు మానదు.

నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదమని మన దేశంలోనే, ఇంకో జబ్బు దగ్గర, స్పష్టంగా తెలిసింది. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు, కాళ్ళు ఎందుకు అరిగిపోతున్నాయని వెతికాడు. జబ్బే మాంసాన్ని కుళ్ళబెడుతుందని అప్పటిదాకా అందరూ నమ్మేవాళ్ళు. ఆయన చూసింది వేరు. నొప్పి లేదు కాబట్టి వాళ్ళు కాలిన గిన్నెను పట్టుకుంటున్నారు, మేకు దిగిన చెప్పుతో నడుస్తున్నారు, నిద్రలో ఎలుక కొరికినా లేవడం లేదు. గాయాలు బయటినుంచి వచ్చినవే. తరవాత ఆయన అమెరికాలో కార్విల్ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అదే సూత్రాన్ని మధుమేహ పాదాలకు అన్వయించాడు. ఈ రోజు ప్రపంచమంతా మధుమేహ పాదాన్ని చూసే తీరులో వెల్లూరులో నేర్చిన ఆ పాఠం ఉంది. నేతపని తెలిసినవాళ్ళకు ఒక్క మాటలో చెప్పవచ్చు. పడుగులో పోగు తెగితే దానంతట అదే ఆగే ఏర్పాటు లేని పాత మగ్గం మీద, తెగిన పోగును మనిషి కన్నే పట్టుకోవాలి, లేకపోతే గజాలకు గజాలు తప్పు బట్ట దిగుతుంది. నొప్పి పోయిన పాదమూ అంతే.

ఇక ఆ కన్ను ఎవరిది? పాఠం చెప్పేవాళ్ళందరూ రోగిదే అంటారు. రోజూ నీ పాదాలు నువ్వే చూసుకో అంటారు. కానీ పదిహేనేళ్ళుగా మధుమేహం ఉన్న అరవై ఏళ్ళ మనిషిని తలచుకోండి. షుగర్ వల్లనో శుక్లం వల్లనో చూపు మందగించి ఉంటుంది. మోకాళ్ళు వంగవు. నడుము సహకరించదు. అరికాలు తన ముఖం ముందుకు తెచ్చుకోలేడు. తెచ్చుకున్నా, వేళ్ళ సందుల్లో చీలిక కనపడదు, తగిలితే తెలియదు. చూడగలిగే శక్తి తగ్గిపోయిన మనిషికే చూసే బాధ్యత పూర్తిగా అప్పగిస్తున్నామన్నమాట. ఇందులోని అన్యాయం చెప్పేవాళ్ళకు తట్టదు, ఎందుకంటే పాఠం ముగిసేసరికి వాళ్ళ పని అయిపోయినట్టు కాగితం మీద టిక్కు పడుతుంది.

పరిశోధనలు కూడా ఈ మాటకు బలమే ఇస్తున్నాయి, అయితే జాగ్రత్తగా చదవాలి. 1989లో అమెరికాలో, అప్పటికే పుండో, చీమో, ఒక వేలో కాలో తీసేసిన చరిత్రో ఉన్న 203 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఒకే ఒక్క గంట తరగతి, చీము పట్టిన పాదాల బొమ్మలతో సహా. ఆ గంట విన్నవాళ్ళలో పుండ్లు, కాళ్ళ తొలగింపులు మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు మూడో వంతుకు తగ్గాయి. ఆ ఫలితం చూసి లోకం చాలా ఆశపడింది. 2008లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుండు మానిన 172 మందితో అలాంటి ప్రయత్నమే చేశారు. ఇంటికి వెళ్ళి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, తరవాత ఫోను చేసి గుర్తుచేశారు. పాఠం విన్నవాళ్ళు పాదాలు మెరుగ్గా చూసుకున్న మాట నిజమే. కానీ ఏడాది తిరిగేసరికి విన్న గుంపులోనూ వినని గుంపులోనూ పదిమందిలో నలుగురికి మళ్ళీ పుండు పడింది. తేడా లేదు. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2014లో తేల్చింది కూడా ఇదే. బోధన వల్ల తెలివిడి పెరుగుతుంది, కొన్నాళ్ళు నడవడిక మారుతుంది, కానీ బోధన ఒక్కటే పుండ్లను, కాళ్ళు తీసేయడాన్ని తగ్గిస్తుందనడానికి చాలినంత రుజువు లేదు.

దీన్ని బట్టి పాదాల గురించి నేర్పడం దండగ అనేవాళ్ళున్నారు. ఆ వాదనను కొట్టిపారేయకూడదు. డబ్బు తక్కువ ఉన్న చోట ఫలితం లేని పనికి ఖర్చు పెట్టడం పేదలకే నష్టం. కానీ ఆ సమీక్షలో 'ఒక్కటే' అన్న ముక్క మీద నేను నిలబడతాను. ఆ ప్రయోగాల్లో ఎక్కువభాగం పాఠాన్ని రోగి చెవికి చేర్చి ఆగిపోయాయి. ఇంట్లో ఇంకెవరు చూశారు, కాయ కాస్తే ఎవరు చెక్కారు, చెప్పు ఎవరు మార్చారు అన్నవి పాఠంలో భాగం కావు. మన దగ్గర చెన్నై రాయపురం ఎం.వి. మధుమేహ ఆసుపత్రి వైద్యులు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. సలహా పాటించినవాళ్ళకు పుండ్లు ఎక్కువగా మానాయి, కొత్త సమస్యలు తక్కువగా వచ్చాయి. దాన్ని నేను గెలుపు జెండాగా ఎగరవేయను. పాటించేవాళ్ళు, పాటించనివాళ్ళు ముందునుంచే వేరు మనుషులు కావచ్చు. పాటించడానికి వీలున్న ఇల్లు, జీతం, తోడు ఉన్నవాళ్ళే పాటించి ఉండవచ్చు. అయితే ఆ లోపం కూడా నా వాదన వైపే చూపు తిప్పుతుంది. పాటించడమన్నది మనిషి మంచితనం మీదకన్నా చుట్టూ ఉన్న ఏర్పాటు మీద ఎక్కువ ఆధారపడితే, పాఠం ఆ ఏర్పాటుకే చెప్పాలి. ఇంటికీ షెడ్డుకూ నేర్పితే కాళ్ళు నిలుస్తాయని రుజువు చేసిన పెద్ద ప్రయోగం ఉందని నేను అనడం లేదు. జబ్బు తీరు, ఇప్పటిదాకా ఓడిపోయిన పద్ధతుల తీరు రెండూ కలిపి చూస్తే సబబైన దారి ఇదని అంటున్నాను.

పని తక్కువేం కాదు. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్ల 10 లక్షలు. వాళ్ళలో నూటికి 19 నుంచి 34 మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పాదం పుండు పడవచ్చని నిపుణుల అంచనా. మధుమేహంలో కాలు తీసేసిన సందర్భాల్లో నూటికి 80కి పైగా ఒక చిన్న పుండుతోనే మొదలవుతాయి. ఆ చిన్న పుండు దగ్గర ఆపగలిగితే చాలు.

ఇప్పుడు షోలాపూర్ పాదాన్ని దగ్గరనుంచి చూద్దాం. పవర్‌లూమ్ షెడ్డులో మనిషి కూర్చోడు. రెండు మూడు మగ్గాల మధ్య షిఫ్టంతా తిరుగుతూ ఉంటాడు. కింద బండరాయి, నూనె మరకలు, విరిగిన కండెల ముక్కలు, ఊడిపోయిన బోల్టులు. చాలామంది చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు. మగ్గాన్ని లక్ష్మిగా చూసే అలవాటు ఒకటి, నూనె మీద రబ్బరు చెప్పు జారుతుందన్న భయం ఒకటి. వేసుకున్నా అది హవాయి చెప్పే. బొటనవేలి సందులో పట్టీ ఒరుస్తుంది. ఇంకో సంగతి, ఆ చెప్పు జారకుండా వేళ్ళు పట్టుకుని ఉండాలి. స్పర్శ పోయిన కాలినుంచి చెప్పు ఊడిపోతే మనిషికి తెలియదు, నాలుగడుగులు వేశాక వెనక ఎవరో పిలిచి చెప్పాలి. నా ఉద్దేశంలో నేతపేటలో ప్రతివాళ్ళూ గుర్తుపెట్టుకోవలసిన మొదటి హెచ్చరిక ఇదే. నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియని మనిషి మీ ఇంట్లో ఉంటే వైద్యుడి దగ్గరికి తీసుకుపొండి, పుండు కోసం ఎదురుచూడకండి.

ఆడవాళ్ళ పాదం కథ వేరు. మగవాళ్ళు షెడ్డుకు పోతే వేలాదిమంది ఆడవాళ్ళు ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుడతారు. కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ కాలనీలో ఉన్న పదివేల ఇళ్ళూ బీడీ కార్మిక మహిళలు పోరాడి కట్టించుకున్నవే. గంటల తరబడి కాళ్ళు మడిచి నేలమీద కూర్చోవడం వల్ల చీలమండ బయటివైపు ఎముక నేలకు ఒత్తుకుంటుంది, అక్కడ చర్మం నల్లబడి కాయ కడుతుంది. మామూలు మనిషికి నొప్పి పుడితే ఇటునుంచి అటు జరుగుతుంది. స్పర్శ లేని ఆమె జరగదు. పాశ్చాత్య పుస్తకాల్లో అరికాలి పుండ్ల గురించి పేజీలు పేజీలు ఉంటాయి కానీ, నేలమీద కూర్చునే మన ఆడవాళ్ళ చీలమండ గురించి మనమే చెప్పుకోవాలి. కింద మెత్తటి బొంత మడిచి వేసుకోవడం, గంటకోసారి కాళ్ళు చాపడం, మడత మార్చడం, ఇవి పాఠంలోకి రావాలి. మెట్టెలూ అంతే. కాలు వాచినప్పుడు మెట్టె కింద చర్మం కోసుకుపోతుంది, పైకి వెండి మెరుస్తూనే ఉంటుంది. వదులైన మెట్టె పెట్టుకుంటే సంప్రదాయానికి వచ్చిన లోటు లేదు.

ఆ ఆడమనిషి పాదం ఎవరు చూస్తారు? ఇది నాకు అన్నిటికన్నా బరువైన ప్రశ్న. మామగారి కాలు కోడలు చూస్తుంది, భర్త కాలు భార్య చూస్తుంది, తల్లి కాలు మాత్రం చీర కుచ్చిళ్ళ కిందే ఉండిపోతుంది. భార్య కాలు భర్త పట్టుకోవడం తగని పని అని, పాపమని అనుకునే ఇళ్ళున్నాయి. వాళ్ళకు ఒక్క సంగతి గుర్తుచేస్తాను. మన పెళ్ళిలో వరుడు వధువు పాదం చేత్తో పట్టుకుని సన్నెకల్లు తొక్కిస్తాడు, ఆ వేళ్ళకే మెట్టెలు తొడుగుతాడు, అదీ నలుగురి ఎదుట, పురోహితుడు దగ్గరుండి చేయిస్తుంటే. పెళ్ళిపీటల మీద ధర్మమైన పని అరవయ్యో ఏట అధర్మమెలా అవుతుంది? పాదాల బోధన జరిగే చోటికి భర్తలను, కొడుకులను పిలవాలి. ఆసుపత్రివాళ్ళు ఈ ఒక్క అలవాటు చేసుకున్నా నేను సంతోషిస్తాను.

ఇంట్లోవాళ్ళు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ ఊరి ఆసుపత్రి వైద్యులు 2011లో దాన్ని ప్రచురించారు, ఇంటిమనుషులు చేసినా పనికొస్తుందని 2014లో చూపించారు. పరికరం అక్కరలేదు. షుగర్ ఉన్న మనిషిని కాళ్ళు చాపి పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో ఒక్కో కాలికి మూడు వేళ్ళు, బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు, వాటి కొసలను తాకండి. ఈక వాలినంత తేలిగ్గా, ఒకటి రెండు సెకన్లు. నొక్కకూడదు, తట్టకూడదు, గీరకూడదు. ఒక్కో వేలినీ ఒక్కసారే. తగిలినప్పుడు కుడి అనో ఎడమ అనో చెప్పమనండి. తెలియలేదేమోనని మళ్ళీ గట్టిగా తాకి చూడకండి, మన జాలి ఇక్కడ పరీక్షను పాడుచేస్తుంది. ఆరింటిలో రెండు లేక అంతకన్నా ఎక్కువ వేళ్ళు తెలియకపోతే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టే, వైద్యుడు చూడాలి. ఆరూ తెలిసినా ఈ పరీక్ష వదిలేసే మనుషులు కొందరుంటారు కాబట్టి, ఏడాదికోసారి ఆసుపత్రిలో పాదం చూపించుకోవడం మానకూడదు. మనవడో మనవరాలో కూడా చేయగల పరీక్ష ఇది.

భాష మాట కూడా చెప్పాలి. షోలాపూర్ తెలుగువాళ్ళ ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఎక్కువమందికి మరాఠీ. అమ్మమ్మకు ఏ లిపీ రాకపోవచ్చు, మనవరాలికి మరాఠీ అక్షరాలు వస్తాయి, తెలుగు అక్షరాలు రావు. అందుచేత హైదరాబాదులో అచ్చువేసిన తెలుగు కరపత్రం తెచ్చి ఇక్కడ పంచితే పని జరగదు. మరాఠీ గోడపత్రం ఒక్కటే పెట్టినా, బోధించే ఆశా కార్యకర్తకు తెలుగు రాకపోయినా, తిమ్మిరి, మంట, మొద్దుబారడం, ఆనెకాయ, గోరుచుట్టు, ఒరుపు అనే మాటలు పెద్దవాళ్ళ నోటినుంచి బయటికి రావు. వాళ్ళు తమ బాధను మరాఠీలో చెప్పలేక 'బాగానే ఉంది' అని ఊరుకుంటారు. పాఠం నోటితో, తెలుగులో జరగాలి. రాసేది మరాఠీలో, మనవరాలి కోసం రాయాలి. కన్నడ, ఉర్దూ మాట్లాడే ఇళ్ళు కూడా పక్కనే ఉన్న ఊరు ఇది. వాళ్ళకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

ఇక అభ్యంతరాలు. చక్కెర అదుపులో ఉంటే చాలు, పాదాల గొడవ ఎందుకని కొందరు వైద్యులే అంటారు. అదుపు ముఖ్యమే, దానిమీద రెండో మాట లేదు. 1993లో వెలువడిన పెద్ద అమెరికా అధ్యయనం, చిన్నతనంలో వచ్చే రకం మధుమేహంలో గట్టి అదుపు నరాల జబ్బును బాగా తగ్గిస్తుందని నిరూపించింది. పెద్ద వయసులో వచ్చే రకంలో ఆ మేలు అంత ఎక్కువ కాదు. పైగా స్పర్శ ఒకసారి పోయాక చక్కెర దిగినా అది తిరిగి వస్తుందని నమ్ముకుని కూర్చోలేం. ఆ మనిషికి కావలసింది చూసే కన్ను.

రెండోది, డబ్బు, సమయం. ఇది నిజమైన అభ్యంతరం. గజాల లెక్కన, బీడీల వెయ్యి లెక్కన కూలి పుచ్చుకునే మనిషి ఆసుపత్రిలో ఒక పూట కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. అతన్ని అజ్ఞాని అనడం, నిర్లక్ష్యం అనడం నాకు సమ్మతం కాదు. పాఠమే అతని దగ్గరికి రావాలి. బీడీలు అప్పజెప్పడానికి ఆడవాళ్ళు వరుసకట్టే కంపెనీ బ్రాంచి, షిఫ్టు మారే వేళ షెడ్డు గుమ్మం, 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం కింద నడిచే డిస్పెన్సరీలు, సమాజం నడుపుకునే మార్కండేయ సహకార ఆసుపత్రి, పద్మశాలి సంఘం భవనాలు, ఇవి పాఠశాలలు కావాలి. ఇంట్లో అయ్యే ఖర్చు తక్కువ. రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, మడమలకు కొబ్బరినూనె రాసి, సందుల్లో మాత్రం రాయకుండా, వెలుతురులో ఒకసారి చూడటం. ఆ సాయం చేసే మనిషి లేకపోతే నేలమీద చిన్న అద్దం పెట్టి దాని మీదుగా అరికాలు చూసుకోవడం. కాళ్ళు వేడినీళ్ళలో పెట్టకూడదు. స్నానం నీళ్ళ వేడి మోచేత్తో చూడాలి, వీలైతే ఇంకొకరు చూడాలి. ఆనెకాయను బ్లేడుతో చెక్కకూడదు, మందు పూసిన కార్న్ క్యాపులు అంటించకూడదు. గోళ్ళు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి.

చెప్పుల సంగతి మాత్రం ఇల్లు ఒక్కటే మోయలేదు. కావలసింది వెనక పట్టీ ఉన్న, లోపల మెత్తగా, కింద మేకు దిగనంత గట్టిగా ఉండే చెప్పు. సాయంత్రం పాదం కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు కొలత చూసి కొనాలి, వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయో, ముల్లో ఉందేమో తడమాలి. మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు కుష్ఠు వైద్యం నుంచే వచ్చాయి, ఆ కారణంగానే చాలాకాలం జనం వాటిని తొడగడానికి సిగ్గుపడ్డారు. చూడగానే 'ఆ చెప్పులు' అని గుర్తుపట్టేవాళ్ళు. కాబట్టి మామూలు చెప్పులా కనిపించేది చేయాలి, తోలుపనిలో ఇంత నేర్పున్న మహారాష్ట్రలో అది కష్టం కాదు. షెడ్డు లోపల మాత్రమే వాడే జత ఒకటి ఉంటే మగ్గం పవిత్రతకూ భంగం లేదు. ఆ జత ఇవ్వవలసింది షెడ్డు యజమాని. నేల తుడిపించవలసింది, లోహపు ముక్కలు ఏరించవలసింది కూడా ఆయనే. యజమానులు చాలామంది చిన్నవాళ్ళే, నాలుగైదు మగ్గాలవాళ్ళే, వాళ్ళకూ మార్కెట్టు బాధలున్నాయి. ఆ సంగతి తెలిసే చెబుతున్నాను. పాత కార్మికుడు కాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చుంటే, చద్దరు మీద ఆ పూల అల్లిక తప్పకుండా దించే చెయ్యి మళ్ళీ దొరకదు.

మూడోది భక్తి. కోజాగిరి పున్నమికి షోలాపూర్ నుంచి తుళజాపూర్ భవానీ అమ్మ గుడికి, సుమారు 45 కిలోమీటర్లు, రాత్రంతా జనం నడుస్తారు. చాలామంది వట్టి కాళ్ళతో. మొక్కు మొక్కుకున్న మనిషికి అది మూఢత్వమని చెప్పేవాళ్ళు భవానీ అమ్మను ఎరగరు, ఆ మనిషినీ ఎరగరు. వాళ్ళ మాట ఎవరూ వినరు, వినకపోవడం సబబే. అయితే మొక్కుకు ఇంకో రూపం ఇవ్వడం మన ఆచారంలోనే ఉంది. స్పర్శ పోయిన మనిషి బదులు కొడుకో కూతురో నడవవచ్చు. ఆ మనిషి బండిలో వెళ్ళి, గుడి ముందు మాత్రం చెప్పులు విడిచి, మందపాటి మేజోళ్ళతో దర్శనం చేసుకోవచ్చు. నడిచి తీరాలంటే మంచి చెప్పులతో, తెల్లవారాక ఎండ ఎక్కకముందే చేరేలా నడిచి, చేరగానే ఇంకొకరు అరికాళ్ళు చూసేలా ఒప్పించాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో గుడి ప్రాంగణపు బండ మీద నిలబడితే మామూలు మనిషి గెంతుతాడు. స్పర్శ లేని మనిషి ప్రశాంతంగా నిలబడి దణ్ణం పెట్టుకుంటాడు, సాయంత్రానికి అరికాలంతా బొబ్బలు. ఈ మాటలు చెప్పవలసింది పూజారులు, సంఘం పెద్దలు. శ్రావణ పున్నమికి మార్కండేయుడి రథం వెంట ఊరంతా తిరిగే వేళ ఒక చోట పాదాలు చూసే బల్ల వేస్తే, ఆసుపత్రిలో ఏడాది పట్టే పని ఆ ఒక్క రోజులో కొంత జరుగుతుంది.

చివరగా పుండు కనపడితే ఏం చేయాలన్నది. ఎంత చిన్నదైనా, నొప్పి లేకపోయినా, ఆ రోజే చూపించాలి. నొప్పి లేదు కదా అని ఆగితే ఆ ఆగడమే కాలిని తీస్తుంది. పసుపు, ఆకుపసరు, తెలిసినాయన ఇచ్చిన పొడి ఏవీ వేయకుండా, శుభ్రమైన నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఆ కాలు మీద బరువు వేయకుండా తీసుకెళ్ళాలి. పాదం ఎర్రబడి వాచినా, ఒక కాలు రెండోదానికన్నా వెచ్చగా అనిపించినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. షోలాపూర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది, రాత్రి కూడా తెరిచే ఉంటుంది. పేదదేశాల్లో చిన్న ఆసుపత్రుల వైద్యుడికీ నర్సుకూ కలిపి పాదాల వైద్యం నేర్పే 'స్టెప్ బై స్టెప్' కార్యక్రమాన్ని ఇరవై ఏళ్ళ కిందట నడిపినవాళ్ళలో నాగపూర్ వైద్యుడు శరద్ పెండ్సే ఒకరు. అంటే ఈ విద్య మహారాష్ట్రకు కొత్తది కాదు. అక్కడ డాక్టరుతోపాటు నర్సును కూర్చోబెట్టినట్టే, ఇక్కడ రోగితోపాటు ఇంకో మనిషిని కూర్చోబెట్టాలి. ఓపీలో చీటీ రాసే గుమాస్తా షుగర్ రోగిని అడగవలసిన ప్రశ్న ఒకటి అదనంగా చేర్చితే చాలు: నీ పాదాలు చూసే మనిషి ఎవరు, ఇవాళ వెంట వచ్చారా? రాలేదంటే, వచ్చే తేదీ ఆ మనిషికి కూలి పోని రోజు చూసి వేయాలి.